ఆన్‌లైన్ గేమ్స్‌లో కులం పేరుతో, జాతి పేరుతో తిట్టేవాళ్ళని రిపోర్ట్ చేస్తే నిజంగా ఏమైనా అవుతుందా?

అవుతుంది. కాకపోతే ఏ భాషలో తిట్టాడన్నదాన్ని బట్టి ఉంటుంది. నేను చాలా ఏళ్ళుగా డోటా 2 అనే టీమ్ గేమ్ ఆడుతున్నాను, డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లో మా తెలుగు సర్వర్‌కి (గ్రూప్‌కి) మోడరేటర్‌ని కూడా. అందుకే నాకు తెలిసిన ఆట గురించే చెబుతాను.

డోటాలో 2023 నుంచి ఆడే తీరుకి ఒక స్కోర్, మాట్లాడే తీరుకి ఇంకో స్కోర్ ఉన్నాయి. మాట్లాడే స్కోర్ బాగా పడిపోతే చాట్, వాయిస్ పోతాయి. ర్యాంక్‌డ్ (ర్యాంక్ లెక్కలోకి వచ్చే మ్యాచ్‌లు) ఆడాలంటే ఫోన్ నంబర్ ఇవ్వాలి కాబట్టి, ఈ అకౌంట్ పోతే ఇంకోటి అనుకోవడం అంత సులువు కాదు.

పెద్ద ఆటగాళ్ళకీ తప్పలేదు. 2018 నవంబర్‌లో టీఎన్‌సీ టీమ్‌కి ఆడే ఫిలిప్పీన్స్ ఆటగాడు కుకు, ఒక మామూలు పబ్లిక్ మ్యాచ్‌లో చైనావాళ్ళని వెక్కిరించే మాట చాట్‌లో టైప్ చేశాడు. చైనా అభిమానులు వారాల తరబడి ఊరుకోలేదు. చివరికి డోటా తయారుచేసే వాల్వ్ కంపెనీ అతన్ని చోంగ్‌చింగ్ మేజర్‌కి, అంటే చైనాలో జరిగే పెద్ద టోర్నమెంట్‌కి, రానివ్వమని ప్రకటించింది. జరిగినదాన్ని టీమ్ కప్పిపుచ్చాలని చూడటం కూడా ఒక కారణమని చెప్పింది. 2019 జనవరిలో టీఎన్‌సీ అతను లేకుండానే ఆడింది.

ఇది న్యాయమే. కానీ చైనా అభిమానులకి ఆ సంఖ్య, ఆ మార్కెట్ ఉన్నాయి. ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేసిన తెలుగు కులదూషణ ఏ ఫిల్టర్‌కి అర్థమవుతుంది? అక్కడ పనిచేయాల్సింది మనమే.

మా సర్వర్‌లో పద్ధతి ఇది: కులం పేరుతో ఒక్క మాట అన్నా వారం పాటు వాయిస్ కట్. ఎందుకో అదే ఛానెల్‌లో, అందరి ముందూ రాస్తాం. మళ్ళీ అంటే టోర్నమెంట్లకి రానివ్వం. 'గేమే కదా బ్రో, లైట్ తీసుకో' అనేవాళ్ళు మొదట్లో చాలామందే ఉండేవారు. ఒకడు అలిగి తన బ్యాచ్‌తో వేరే సర్వర్ పెట్టుకున్నాడు, పెట్టుకోనీ. తిరిగొచ్చినవాళ్ళలో ఎక్కువమంది నోరు అదుపులో పెట్టుకున్నారు. నా లెక్కలో జీవితకాలం బ్యాన్ కంటే, చిన్నదైనా అదే రోజు పడే శిక్షే గట్టిగా పనిచేస్తుంది.

ఓసారి ఒక లోకల్ టోర్నమెంట్‌లో ఇలాగే జరిగితే రికార్డింగ్ పంపాం. 'టీమ్ వాయిస్ మా పరిధి కాదు' అన్నారు నిర్వాహకులు. తిట్టినవాడు ఫైనల్ కూడా ఆడాడు. తర్వాతి టోర్నమెంట్ పోస్టర్ మా సర్వర్‌లో పెట్టం అన్నాక రూల్స్‌లో ఒక లైన్ చేరింది!

ఇక చట్టం సంగతి. నలుగురి ముందూ ఎస్సీ, ఎస్టీలని కులం పేరుతో దూషిస్తే అట్రాసిటీ చట్టం వర్తిస్తుంది. ఆన్‌లైన్‌లో పెట్టిన వీడియోకీ అది వర్తిస్తుందని 2022లో కేరళ హైకోర్టు చెప్పింది. నలుగురైదుగురే ఉన్న టీమ్ వాయిస్ ఆ లెక్కలోకి వస్తుందా అన్నది లాయర్‌ని అడగాల్సిన విషయం. ఆడవాళ్ళని అసభ్యంగా అంటే భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) సెక్షన్ 79 ఉంది. రెండిటికీ నేషనల్ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు.

ఏం చేసినా సాక్ష్యం కావాలి. వాడితో వాదనకి దిగకండి. మ్యూట్ చేసేముందే స్క్రీన్ రికార్డింగ్ ఆన్ చేసి, మ్యాచ్ ఐడీ రాసిపెట్టుకోండి. రీప్లే ఆ రాత్రే డౌన్‌లోడ్ చేసుకోండి, తర్వాత దొరక్కపోవచ్చు.