స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బుకి కొత్త మందులొస్తే పాతవాటి మార్కెట్ పడిపోతుందా?

పడిపోదు, కొత్తవాటి అమ్మకాలు పెరిగినా, ఇంకా చాలా ఏళ్లు ఎక్కువమంది వేసుకునేది పాత మాత్రలే. ముఖ్య కారణం ధర. రిస్పెరిడోన్, ఒలాంజపిన్ లాంటివాటి పేటెంట్లు ఎప్పుడో ముగిశాయి, జనరిక్‌లు చవగ్గా దొరుకుతాయి. పైగా ఒక మందుతో కుదుటపడ్డ మనిషికి డాక్టర్లు ఊరికే మందు మార్చరు, జబ్బు తిరగబెడితే కష్టం కదా.

కొత్త మందుల్లో ఒకటైన కోబెన్ఫీనే చూడండి. అమెరికాలో మందులకు అనుమతిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ 2024 సెప్టెంబరులో దీన్ని ఆమోదించింది. పాత మందులు మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని అందుకునే రిసెప్టర్లను అడ్డుకుంటాయి. ఇది మస్కరినిక్ అనే వేరే రకం రిసెప్టర్ల మీద పనిచేస్తుంది. అందుకే బరువు పెరగడం, ఒళ్లు బిగుసుకుపోవడం లాంటి ఇబ్బందులు తక్కువ. వికారం, మలబద్ధకం మాత్రం తప్పవు కొంతమందికి. విడుదలప్పుడు అక్కడ నెలకు ప్రకటించిన ధర సుమారు 1,850 డాలర్లు! దీన్ని తయారుచేసిన కరూనా కంపెనీని బ్రిస్టల్ మయర్స్ స్క్విబ్ అనే మందుల కంపెనీ దాదాపు 1,400 కోట్ల డాలర్లు పెట్టి కొంది.

ఈ అంకె చూసి, కొత్త తరహా మందంటే లాభం ఖాయమని చాలామంది అనుకుంటారు. అదే పొరపాటు. మస్కరినిక్ దారిలోనే వచ్చిన ఆబ్‌వీ కంపెనీ వారి మందు ఎమ్రాక్లిడిన్, 2024 నవంబరులో రెండో దశ ట్రయల్స్‌లో ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగని నిరూపించుకోలేకపోయింది.