విజిట్ వీసా కోసం మూడు రూపాయల వడ్డీకి అప్పు తేవచ్చా?

ప్రశ్న: మాది జగిత్యాల జిల్లా. నేను బీడీలు చుడతాను. మా ఆయనకు 36 ఏళ్లు, పదో తరగతి తప్పారు, సెంట్రింగ్ పని వచ్చు. రెండు బోర్లు ఫెయిలై 2.80 లక్షల అప్పు మిగిలింది, నూటికి రెండు రూపాయల వడ్డీ. ఒక ఏజెంటు 1.40 లక్షలు ఇస్తే విజిట్ వీసా మీద దుబాయ్ పంపి, అక్కడ కంపెనీ వీసాకు మారుస్తానంటున్నాడు. నెలకు 1,400 దిర్హంల జీతం అంటున్నాడు. పాస్‌పోర్టు, 20 వేల అడ్వాన్సు ఇచ్చేశాం. మిగతాది మూడు రూపాయల వడ్డీకి తేవాలి. మూడు తులాల బంగారం ఉంది. సంఘంలో లక్ష దాకా లోన్ వస్తుంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ఆ 1.20 లక్షలు తేవద్దు. మీ ఆయన గల్ఫ్‌కే వెళ్లొద్దని నేను అనను. మీ ప్రాంతంలో ఎన్నో ఇళ్లు ఆ డబ్బుతోనే నిలబడ్డాయి. ఈ అప్పు చేసి, ఈ వీసా మీద మాత్రం వెళ్లొద్దు.

ఇప్పుడు మీరు కట్టే వడ్డీ నెలకు 5,600. కొత్త అప్పు వడ్డీ 3,600. రెండూ కలిపి 9,200. ఏజెంటు 1,400 దిర్హంలు అంటున్నాడు కానీ, అక్కడికి వెళ్లాక చేతిలో పెట్టే కాగితం మీద వెయ్యి ఉండటం మామూలే. దిర్హం 24 రూపాయల లెక్కన అది 24,000. తిండికి, ఫోనుకు 350 దిర్హంలు పోతే మిగిలేది 15,600. అందులో వడ్డీ పోగా 6,400. దాంతోనే ఇల్లు గడవాలి, పిల్లల ఫీజులు కట్టాలి, అసలు తీరాలి. ఇదంతా వెళ్లిన మర్నాడే పని దొరికితే చెప్పే లెక్క. విజిట్ వీసా 30 రోజులకో 60 రోజులకో ఇస్తారు. దాని మీద పని చేయడం అక్కడి చట్టం ప్రకారం నేరం. పర్మిట్ లేనివాళ్లను పనిలో పెట్టుకున్న యజమానికి లక్ష నుంచి 10 లక్షల దిర్హంల దాకా జరిమానా వేసేలా 2024లో చట్టాన్ని గట్టి చేశారు. అందుకే పద్ధతిగా నడిచే కంపెనీ ఆ సాహసం చేయదు. చేసేది చిన్న సబ్ కాంట్రాక్టరు. వాడు జీతం ఎగ్గొట్టినా మీ ఆయన ఎవరికీ చెప్పుకోలేరు.

వీసా గడువు దాటితే రోజుకు 50 దిర్హంల జరిమానా. అంటే నెలకు 1,500. ఆయన జీతమే వెయ్యి అయినప్పుడు ఇది ఎప్పటికి తీరుతుంది? తిరిగి వద్దామంటే జరిమానా కట్టాలి, ఉందామంటే కాగితాలు లేవు. ఆ స్థితిలో ఇరుక్కున్నవాళ్లు జరిమానా లేకుండా ఇంటికి పంపే క్షమాభిక్ష కోసం ఎదురుచూస్తూ ఏళ్లు గడుపుతారు. యూఏఈ 2018లో ఒకసారి, మళ్లీ 2024 సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా ఒకసారి ఆ అవకాశం ఇచ్చింది. కువైట్ కూడా 2018లో, 2024లో ఇచ్చింది. మళ్లీ ఎప్పుడిస్తారో ఎవరూ చెప్పలేరు.

ఖల్లివెల్లి అయినవాళ్ల గురించి, అంటే కంపెనీ వదిలి కాగితాలు లేకుండా బయట పని చేసేవాళ్ల గురించి, ఊళ్లో తేలిగ్గా మాట్లాడతారు, ఆశ ఎక్కువై కంపెనీ వదిలేశాడని. నేను చూసిన కుటుంబాల్లో చాలావరకు ఆశ కాదు, వడ్డీయే ఆ పని చేయించింది. నిజామాబాద్ వైపు ఒక ఇల్లాలు తన నోటు బుక్కు నాకు చూపించారు. మొదటి ఆరు నెలలు భర్త పేరు మీద డబ్బు వచ్చింది, పదివేల లోపే. ఆ తర్వాత ప్రతి నెలా పంపినవాళ్ల పేరు వేరు. కంపెనీ జీతం వడ్డీకే చాలక ఆయన బయట కూలికి వెళ్లిపోయారు. పాస్‌పోర్టు యజమాని దగ్గరే ఉండిపోయింది. ఐడీ కార్డు గడువు తీరింది కాబట్టి ఎక్స్ఛేంజిలో తన పేరు మీద పంపలేరు, రూమ్మేట్ల కార్డు మీద పంపేవారు. అప్పు లేకపోతే ఆయన తక్కువ జీతానికైనా కంపెనీలోనే ఉండేవారని ఆవిడే చెప్పారు. ఆ మాట నేను నమ్ముతాను.

మన చట్టంలోని సందు కూడా ఏజెంట్లకు కలిసొస్తోంది. పదో తరగతి పాస్ కానివాళ్లు గల్ఫ్‌కు ఉద్యోగ వీసా మీద వెళ్లాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే మన ప్రభుత్వ అనుమతి ఉండాలి. ఆ క్లియరెన్స్‌తోపాటే జీతం, యజమాని వివరాలు నమోదవుతాయి. ప్రవాసీ భారతీయ బీమా కూడా దానితోనే వస్తుంది. రెండేళ్లకు 275 రూపాయలు, ప్రమాదంలో చనిపోతే కుటుంబానికి 10 లక్షలు. విజిట్ వీసాకు ఈ గొడవ లేదు, అందుకే ఏజెంటుకు అదంటే ఇష్టం. ఆడవాళ్ల విషయంలో ఇంకా ఘోరం. క్లియరెన్స్ అవసరమైన మహిళకు 30 ఏళ్లు నిండితేనే అనుమతి. రక్షణ కోసమే పెట్టారు, కానీ ఇల్లు గడవని 25 ఏళ్ల మనిషి ఆగడం లేదు. రాయచోటి, కోనసీమ వైపుల నుంచి కువైట్‌కు ఇంటి పనికి వెళ్లేవాళ్లలో కొందరు దొంగదారి పట్టడానికి ఇదీ ఒక కారణం. ఆశపడ్డారని వాళ్లను నిందించడం నాకు నచ్చదు.

ఇక మీ పని. ముందు పాత అప్పు బరువు దించండి. మూడు తులాల మీద బ్యాంకు కనీసం 2 లక్షలు ఇస్తుంది, వడ్డీ ఏడాదికి 9, 10 శాతం దగ్గర. ఆ డబ్బుతో రెండు రూపాయల అప్పులో 2 లక్షలు తీర్చండి. మిగతా 80 వేలకు సంఘం లోన్ వాడండి, నూటికి రూపాయి వేసుకున్నా 800. బంగారానికి నెలకు 1,670 దాకా. మొత్తం కలిపి 2,500 లోపే. ఇప్పుడు 5,600 కడుతున్నారు, సగానికి పైగా తగ్గుతుంది. మిగిలే మూడు వేలను ఇంట్లో కలిపేయకండి. అది ప్రతి నెలా అసలుకే కట్టాలి, ముందు సంఘం లోన్ తీర్చాలి. బంగారం రెన్యువల్ తేదీ క్యాలెండరు మీద రాసుకోండి, మరిచిపోతే వేలానికి పోతుంది.

ఈ బరువు తగ్గితే, ఏ ఉద్యోగం వచ్చినా తలూపాల్సిన అవసరం మీ ఆయనకు ఉండదు. సెంట్రింగ్ పనివాళ్లు అక్కడా కావాలి, ఇక్కడ హైదరాబాద్‌లోనూ కావాలి. వెళ్లాలనే ఉంటే హైదరాబాద్‌లో విదేశీ ఉద్యోగాలకు పంపే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఉంది, అక్కడ పేరు రాయించండి. ప్రైవేటు ఏజెంటు దగ్గరికి వెళ్తే కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో అతని రిజిస్ట్రేషన్ నంబరు చూడండి. రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోగలిగే సర్వీస్ ఛార్జీ 30 వేలు, జీఎస్టీ కలిపి 35,400. మీ ఏజెంటు అడిగింది దానికి దాదాపు నాలుగింతలు.

అన్నిటికంటే ముందు ఈ వారంలోనే పాస్‌పోర్టు వెనక్కి తెచ్చుకోండి. 20 వేలకు రసీదు అడగండి, ఇవ్వనంటే ఫోన్‌పేలో కట్టిన వివరాలు, అతని వాట్సాప్ మెసేజ్‌లు దాచిపెట్టండి. పాస్‌పోర్టు ఇవ్వకుండా తిప్పుతుంటే మీ మండలం పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, దాని కాపీ మీ దగ్గర పెట్టుకోండి. ఆ 20 వేలు రాకపోయినా సరే, దాని వెనక ఇంకో 1.20 లక్షలు పంపకండి.