సెంటినెల్-1 చిత్రంలో నల్లచార: చమురేనా, కాదా?

మీరు అడిగింది ఇదీ: రాడార్ ఉపగ్రహం సెంటినెల్-1 తీసిన చిత్రంలో కాకినాడకు తూర్పున సముద్రంలో 12 కిలోమీటర్ల నల్లచార కనిపించింది, ఆ చిత్రాలను ప్రాసెస్ చేసే స్నాప్ సాఫ్ట్‌వేర్‌లోని ఆయిల్ స్పిల్ టూల్ కూడా దాన్ని పట్టింది, ఇక చమురు తెట్టు అనేయొచ్చా?

అప్పుడే అనకండి. "చుట్టుపక్కల కన్నా ఇక్కడ నలుపు ఎక్కువ" అనడం వరకే ఆ టూల్ పని. ఈ రాడార్ తరంగం పొడవు దాదాపు 5.5 సెంటీమీటర్లు. దానికి బదులిచ్చేవి గాలికి లేచే నాలుగైదు సెంటీమీటర్ల చిరు అలలు. చమురు పొర వాటిని అణిచేస్తే సిగ్నల్ వెనక్కి రాదు, చిత్రంలో నల్లగా పడుతుంది. గాలి లేకపోయినా ఇదే నలుపు!

అందుకే ముందు గాలి చూడండి. అదే పాస్‌కి (ఉపగ్రహం పైనుంచి వెళ్లిన అదే సారికి) సెంటినెల్-1 సముద్ర డేటా, అంటే ఓసీఎన్ ప్రోడక్ట్ దొరికితే అందులోనే గాలి వేగం ఉంటుంది, లేకపోతే ఈఆర్ఏ5 వాతావరణ డేటా చాలు. సెకనుకు 3 మీటర్ల లోపు ఉంటే ఆ చిత్రాన్ని పక్కన పెట్టేయండి. 10 దాటితే పలచటి పొర అలల్లో కలిసిపోతుంది, ఉన్నా కనపడదు. ఉదయం ఆరు ప్రాంతపు పాస్‌లో తీరం వెంబడి గాలి పడిపోయిన పాయలు అచ్చం తెట్టులాగే ఉంటాయి. మోసపోయేది ఎక్కువగా అక్కడే.

గాలి సరిపోతే ప్రాసెసింగ్ మళ్లీ మొదటి నుంచి చేయండి. వీవీ బ్యాండ్ (తరంగాన్ని నిలువుగా పంపి నిలువుగానే అందుకున్నది) మాత్రమే తీసుకోండి, సముద్రం మీద వీహెచ్ (నిలువుగా పంపి అడ్డంగా అందుకున్నది) దాదాపు నాయిస్‌లోనే ఉంటుంది. ఆర్బిట్ ఫైల్ (ఉపగ్రహం కచ్చితమైన స్థానం), థర్మల్ నాయిస్ తొలగింపు, సిగ్మా నాట్ క్యాలిబ్రేషన్ (వెనక్కి వచ్చిన సిగ్నల్‌ను కొలతగా మార్చడం), ల్యాండ్ మాస్క్ (నేలను తీసేయడం), 5×5 లీ సిగ్మా ఫిల్టర్ (చుక్కచుక్కల నాయిస్ తగ్గించడం), ఆ తర్వాతే డిటెక్షన్. ల్యాండ్ మాస్క్ సరిగ్గా పడకపోతే కోనసీమ రొయ్యల చెరువులు కూడా చమురు లెక్కలోకి వచ్చేస్తాయి.

డిటెక్షన్‌లో డిఫాల్ట్ విండో (సగటు కోసం చూసే చుట్టుపక్కల చదరం) 61 పిక్సెళ్లు, త్రెషోల్డ్ (ఆ సగటు కన్నా ఎంత తగ్గితే నలుపు అనాలో) 2 డెసిబెల్స్. పిక్సెల్ 10 మీటర్లు కాబట్టి విండో 610 మీటర్లే. తెట్టు వెడల్పు కిలోమీటరు ఉందనుకోండి, దాని నడిమధ్యలో విండో మొత్తం నల్లటి నీళ్లే. పోల్చడానికి తెల్లటి సముద్రం లేదు, సగటు కూడా పడిపోతుంది. దాంతో అంచులు మాత్రమే పట్టి, లోపల ఖాళీ వదిలేస్తుంది. అలా వస్తే విండో 201కి పెంచండి. చివర్లో టెర్రైన్ కరెక్షన్ (చిత్రాన్ని మ్యాప్ మీద సరిగ్గా కూర్చోబెట్టడం) చేసేటప్పుడు, ఎత్తు లేని చోట్ల మాస్క్ చేసే టిక్కు తీసేయండి. లేదంటే సముద్రమంతా ఖాళీ అయిపోతుంది, తెట్టుతో సహా.

ఇక ఆకారం. కదిలే ఓడ వదిలిన చమురైతే సన్నటి గీత, ఒక అంచు పదునుగా, రెండో అంచు ఈకల్లా చెదిరి ఉంటుంది. సుడుల వెంట మెలికలు తిరిగే సన్నని దారాలైతే చాలాసార్లు ప్లాంక్టన్ (నీళ్లలో తేలే సూక్ష్మజీవులు) వదిలే జిడ్డు. నల్లమచ్చ చుట్టూ తెల్ల అంచు ఉంటే వానజల్లు.

ఓడను వెతకాలంటే వెనక్కి లెక్క కట్టాలి. చమురు గాలి వేగంలో దాదాపు 3 శాతంతో కదులుతుంది, దానికి ప్రవాహం మొత్తం కలపాలి. గాలి సెకనుకు 6 మీటర్లు ఉంటే గాలి వాటా 0.18 మీటర్లు, అంటే 12 గంటల్లో 7.8 కిలోమీటర్లు. ప్రవాహాన్నీ కలిపి వచ్చిన చోటుతో ఏఐఎస్ ట్రాక్‌లు (ఓడలు తమ స్థానం తెలుపుతూ పంపే సిగ్నళ్ల దారులు) పోల్చండి. 2017 జనవరి 28న ఎన్నూరు దగ్గర రెండు ఓడలు ఢీకొన్నప్పుడు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇలాంటి లెక్కకే, చమురు కదలికను అంచనా వేసే గ్నోమ్ మోడల్ వాడింది, కాకపోతే అక్కడ లెక్క ముందుకు.

ఎన్ని లీటర్లు అని మాత్రం ఈ చిత్రం చూసి చెప్పొద్దు. చదరపు కిలోమీటరు విస్తీర్ణంలో పొర మందం 0.3 మైక్రాన్లయితే 300 లీటర్లు, 50 మైక్రాన్లయితే 50,000. రాడార్‌కు రెండూ ఒకే నలుపుగా కనిపించొచ్చు. మందం కావాలంటే విమానం నుంచి రంగు చూడాలి, లేదా ఇన్‌ఫ్రారెడ్ వాడాలి. ఆ రోజు మామూలు వెలుతురులో చిత్రాలు తీసే సెంటినెల్-2 ఉపగ్రహం పాస్ ఉంటే అదీ తెరిచి చూడండి. సూర్యుడి మెరుపు పడ్డ చోట తెట్టు నీళ్ల కన్నా తెల్లగానూ కనిపించొచ్చు, కంగారు పడకండి.

ఇవన్నీ కుదిరితే అక్షాంశ రేఖాంశాలు, పాస్ సమయం, గాలి వేగం రాసి కోస్ట్ గార్డ్‌కు పంపండి. "చమురు" అని కాదు, "చమురు కావచ్చు" అని రాయండి.