స్పాటింగ్ స్కోప్ కొనబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి, విశాఖపట్నం నుంచి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఇరవై వేలలో స్పాటింగ్ స్కోప్, అంటే దూరాన ఉన్నవాటిని దగ్గరగా చూపే చిన్న టెలిస్కోపు, ఏది కొనాలని అడిగావు. నువ్వు పంపిన ప్రకటనలో దాన్ని వేట పరికరమని రాశారు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది కనుక మనకు దానితో పని పక్షులను చూడడమే. అయితే తుపాకీ మీద బిగించే స్కోప్ వేరు, ఇది వేరు. పేరు చూసి పొరబడకు.

ముందుగా, ఆ ఇరవై వేలూ స్కోపుకే పెట్టకు. మూడో వంతు ట్రైపాడ్‌కు, అంటే దాన్ని నిలబెట్టే మూడు కాళ్ల స్టాండుకు, తీసి ఉంచు. నేను మొదట 50 మి.మీ. కటకం ఉన్న చిన్న స్కోపును, 60 రెట్లు పెద్దదిగా చూపుతుందన్న మాటకు ముచ్చటపడి కొని, దాన్ని ఫోటోల కోసం వాడే తేలికపాటి ట్రైపాడ్ మీద పెట్టి భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట నిలబడితే, గాలికి ఇసుక తిన్నె మీది పక్షులన్నీ ఒక్క మసక గీతగా ఊగాయి. కాళ్ల రంగు సరే, ముక్కు పొడవు కూడా తెలియలేదు.

తప్పు గాలిది మాత్రమే కాదు. కటకం వ్యాసాన్ని రెట్టింపుల సంఖ్యతో భాగించి చూడు: కంటికి చేరే వెలుగు చుక్క ఎంత వెడల్పో తేలుతుంది. 50ని 60తో భాగిస్తే ఒక మిల్లీమీటరుకు లోపే. చిత్రం చీకటిగా కాక మరెలా ఉంటుంది? అదే 65 మి.మీ. కటకాన్ని 20 రెట్ల దగ్గర వాడితే మూడు మిల్లీమీటర్లు దాటుతుంది, తెల్లవారుజామున కూడా హాయిగా చూడవచ్చు. 80 మి.మీ. ఇంకా మేలే కానీ ధరా బరువూ నీకు అందవు. కాబట్టి 20-60 రెట్లు, 65 మి.మీ., బీఏకే4 అనే మేలురకం గాజు ప్రిజం, నీరు చొరని, లోపల ఆవిరి పట్టకుండా నైట్రోజన్ నింపిన గొట్టం ఉన్నది చూడు. ఎండెక్కాక సాగరతీరంలో వేడిగాలి అలలాడుతుంది గనుక 60 రెట్ల అవసరం నీకు ఎలాగూ అరుదు.

ఐపీస్, అంటే కన్ను ఆనించి చూసే భాగం, ఏటవాలుగా ఉన్నదే తీసుకో. పక్షిని వెతికి పట్టడానికి మొదట్లో తడబడతావు గానీ, ట్రైపాడ్‌ను అంత ఎత్తు లేపనక్కర్లేదు, పక్కనున్న పిల్లలూ చూడగలుగుతారు.

దుకాణంలో దాన్ని వీధి చివరి బోర్డు మీద నిలిపి, 60 రెట్ల దగ్గర అక్షరాల అంచుల్లో ఊదా రంగు ఎంత చిమ్ముతోందో, ఫోకస్ చక్రం తిప్పితే ఎక్కడైనా పట్టేస్తోందో చూసుకో.

సముద్రపు గాలికి కటకం మీద పేరుకున్న ఉప్పును పొడిగుడ్డతో రుద్దితే గీతలు పడతాయి. ముందు తడిపి తుడవాలి. తోలు సంచిలో మూసి పెట్టిన నా పాత స్కోపు ఒక్క వానాకాలానికే బూజు పట్టింది. తేమను పీల్చే సిలికా జెల్ వేసిన డబ్బాలో ఉంచు. నౌకాదళ కేంద్రమున్న ఊరు మనది, ఓడరేవు వైపూ యుద్ధనౌకల వైపూ దాన్ని తిప్పకు.

కొండకర్ల ఆవ అనే మన దగ్గరి చెరువులో తాటి దోనె ఎక్కితే స్కోపు దండగ, బైనాక్యులర్సే మేలు; గట్టు మీద మాత్రం స్కోపుదే రాజ్యం. వచ్చే ఆదివారం ఉదయం ఆరింటికి అక్కడికి రా, నా 65 మి.మీ. దాంట్లో చూశాకే డబ్బు కట్టు.

ఇట్లు,
మీ మామయ్య