స్టేషన్‌కు పోయే ముందు ప్లీడరును చూడు

నాయనా,

మీ అమ్మ ఫోన్లో అన్నీ చెప్పింది. పాప బెంగళూరు నుంచి పిల్లవాణ్ని తీసుకుని ఆదోనికి వచ్చేసిందట. నువ్వేమో రేపే స్టేషన్‌కు పోయి దాని మొగుడి మీద, అత్తామామల మీద, ఎప్పుడో పెళ్లయి వెళ్లిపోయిన ఆడబిడ్డ మీద కూడా కేసు పెట్టిస్తానంటున్నావట. చెల్లెలి ముఖం చూస్తే కోపం రాకుండా ఎట్లా ఉంటుంది. కానీ కర్నూలు కోర్టులో గుమాస్తాగా బతుకంతా గడిపినవాణ్ని, నా మాట విను. ఫిర్యాదు మీద పాప సంతకం పెట్టే ముందు ఒక మంచి ప్లీడరుతో మాట్లాడండి.

ఇలాంటి గొడవ ఒక్క కేసుతో పోదు. స్టేషన్‌లో ఒకటి, మెయింటెనెన్స్‌కు, అంటే భరణానికి ఒకటి, గృహహింస చట్టం కింద ఒకటి, పిల్లవాడి కస్టడీకి ఒకటి, చివరికి విడాకులు. ఒకచోట రాసిన మాట ఇంకోచోట అవతలి ప్లీడరు చేతిలో ఉంటుంది. ఫిర్యాదులో ఇరవై తులాలు పెట్టామని రాసి, పిటిషన్‌లో ముప్పై అని రాశారనుకో, క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఆ ఒక్కటి పట్టుకునే పాపను బోనులో నిలబెట్టేస్తారు. క్రిమినల్‌కు ఒకరిని, ఫ్యామిలీకి ఒకరిని పెట్టుకున్న చోట ఇది మామూలే. ఒకరు రాసింది ఇంకొకరు చదవరు. అందుకే రెండూ చూసే ఆఫీసు ఒకటి వెతకమంటున్నాను.

వాణ్ని వెంటనే లోపల వేయించొచ్చని నువ్వనుకుంటున్నావు. అట్లా జరగదు. భార్యను మొగుడు, అత్తింటివాళ్లు హింసిస్తే పెట్టే పాత 498ఏ ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్, శిక్ష మూడేళ్ల దాకా. ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న కేసుల్లో అవసరం ఏమిటో రాసుకోకుండా అరెస్టు చేయొద్దని సుప్రీంకోర్టు 2014లోనే పోలీసులకు గట్టిగా చెప్పింది. కాబట్టి ముందు నోటీసు ఇస్తారు, అతను వచ్చి స్టేట్‌మెంట్ ఇచ్చి పోతాడు. స్టేషన్లో ఇప్పటికీ దాన్ని 41ఏ నోటీసు అనే అంటారు కానీ, 2024 జూలై నుంచి అది భారతీయ నాగరిక సురక్షా సంహితలో 35(3).

ఇక ఆ ఆడబిడ్డ సంగతి. ఫలానా రోజు ఫలానా పని చేసిందని చెప్పలేకపోతే ఆమె పేరు రాయించకు. అత్తింటి వాళ్లందరి పేర్లూ గంపగుత్తగా రాసిన కేసును 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది, అది తెలంగాణ నుంచి పోయిన కేసే. ఆమెను ఇరికిస్తే, నిజంగా చేయి చేసుకున్నవాడి మీద కేసు కూడా పలచబడుతుంది. తేదీ, చోటు, ఎవరు చూశారు, ఆసుపత్రికి పోయి ఉంటే ఆ చీటీ. అంతవరకే రాయండి.

అతను ఇంటి మీదికొచ్చి కొడుతున్నాడు, ప్రాణభయం ఉంది అంటే మాత్రం నేను చెప్పిందంతా పక్కన పెట్టి 112కు ఫోన్ చేయి. ప్లీడరు తర్వాత.

అసలు పాపకు ఏం కావాలో ఎవరన్నా అడిగారా? బంగారం వెనక్కి రావాలా, నెలనెలా డబ్బు కావాలా, కాపురం నిలబడాలా, విడిపోవాలా? ప్లీడరు మొదట అడగాల్సింది ఇదే. నిన్ను బయట కూర్చోబెట్టి పాపతో ఒంటరిగా మాట్లాడే ప్లీడరయితే నమ్మొచ్చు. పాపను పక్కన కూర్చోబెట్టుకుని నీతోనే అంతా మాట్లాడి, ఒక్కసారే నాలుగు కేసులు వేద్దామనేవాడి దగ్గర్నుంచి లేచి వచ్చేయండి. ప్లీడరుకు కేసు అప్పగించే కాగితం, వకాలత్, దాని మీద సంతకం పాపది, నీది కాదు.

ఫోన్లో 'నంబర్ వన్ విడాకుల లాయర్' అని ప్రకటనలు కనపడతాయి. బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం ప్లీడర్లు అట్లా ప్రచారం చేసుకోకూడదు. గెలిస్తే వచ్చినదాంట్లో ఇంత వాటా అని ఫీజు మాట్లాడటం కూడా కూడదు. ఫీజు ఏ కేసుకు ఎంత, ఖర్చులు వేరుగా ఎంత అని ముందే రాయించుకోండి (గుమాస్తా ఖర్చు అందులో ఉంటుంది, దాని గురించి నేనేమీ అనను). పెద్ద బోర్డు ఉన్న ఆఫీసయితే, వాయిదాలకు వచ్చేది బోర్డు మీది మనిషా, నిన్నగాక మొన్న చేరిన జూనియరా అని మొహమాటం లేకుండా అడుగు. జూనియర్ వస్తే తప్పు లేదు, ఫైలు చదివి వస్తే చాలు. కేసు నంబరు పడగానే సీఎన్ఆర్ నంబరు (ప్రతి కేసుకూ కంప్యూటర్లో విడిగా ఇచ్చే నంబరు) రాసుకుంటే ఈకోర్ట్స్ యాప్‌లో వాయిదా ఎప్పుడో మీరే చూసుకోవచ్చు. ప్లీడరు నచ్చకపోతే మార్చుకోవచ్చు. ఫీజు బాకీ ఉందని ఫైలు పట్టుకుని కూర్చునే హక్కు ఏ ప్లీడరుకూ లేదు.

డబ్బు లేదని వెనకాడొద్దు. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా ప్లీడరును ఇస్తుంది. జిల్లా కోర్టులో ఆ ఆఫీసు ఉంటుంది, 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు.

మెయింటెనెన్స్‌కు బెంగళూరు తిరగనక్కర్లేదు, పాప ఉంటున్న చోటే వేయొచ్చు. దీనికి ఆలస్యం చేయకండి. అర్జీ వేసిన తేదీ నుంచి లెక్కకట్టి ఇవ్వాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇద్దరూ ఆస్తులు, ఆదాయం, అప్పులు అఫిడవిట్‌లో చూపించాలి. పాప బీఈడీ చేసి ట్యూషన్లు చెప్పింది కదా, అది కూడా దాచొద్దు. అతని జీతం చీటీలు ఏమన్నా పాప ఫోన్లో ఉంటే భద్రంగా ఉంచుకోమను. వాట్సాప్ మెసేజ్‌లు ఒక్కటీ చెరపొద్దు, ఫోన్ మార్చొద్దు. శుభలేఖ, పెళ్లి ఫోటోలు, నగల బిల్లులు, మీ నాన్న బ్యాంకులో తీసిన డబ్బు లెక్క ఒక సంచిలో పెట్టండి.

పెద్దమనుషులు కూర్చోబెడతామంటే కూర్చోండి, రాజీ కుదిరితే అంతకంటే ఏం కావాలి. కానీ తెల్ల కాగితం మీద పాప చేత సంతకం పెట్టించొద్దు. స్టాంపు పేపరు మీద విడిపోయామని రాసుకుంటే విడాకులు కావు. మీ కులంలో అట్లాంటి ఆచారం ఉందని కోర్టులో రుజువు చేయగలిగితే తప్ప. ఇద్దరూ ఒప్పుకుని విడిపోవాలన్నా ఏడాది వేరుగా ఉండి కోర్టులో అర్జీ వేయాల్సిందే.

నాకు తెలిసిన ఇద్దరు ప్లీడర్లున్నారు, ఒకామె ఫ్యామిలీ కోర్టులోనే ఎక్కువ చేస్తుంది, స్టేషన్ బెయిళ్ల పని కూడా బాగా తెలుసు. సోమవారం కోర్టు వేళకు ముందే ఆ సంచి తీసుకుని కర్నూలు రండి. ఈలోపు పాప చేత ఒకసారి నాకు ఫోన్ చేయించు, నువ్వు పక్కన లేనప్పుడు.

మీ మామ