ఎలుకలకు జరిగింది నాకూ జరుగుతుందా డాక్టర్?

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. పెయింట్ల తయారీ యూనిట్‌లో రోజూ సాల్వెంట్లతోనే (రంగుల్ని కరిగించే ద్రవాలు) పని. కొన్ని రసాయనాలు ఇస్తే మగ ఎలుకల్లో వీర్యకణాలు పడిపోయాయని చదివాక టెన్షన్ పట్టుకుంది. ఏడాదిన్నరగా పిల్లల కోసం చూస్తున్నాం. ఉద్యోగం మానేయాలా?

జవాబు: ఇప్పుడే మానేయక్కర్లేదు. అలాగని ఎలుకల గొడవ మనకెందుకులే అని వదిలేయకండి. డీబీసీపీ అనే పురుగుమందు ఎలుకల వృషణాలను దెబ్బతీస్తోందని 1961లోనే ప్రచురించారు, అయినా వాడకం ఆగలేదు. చివరికి 1977లో కాలిఫోర్నియాలో ఆ మందు తయారుచేసే ఫ్యాక్టరీ కార్మికులు, తమలో ఎవరికీ పిల్లలు పుట్టట్లేదేమిటని వాళ్లంతట వాళ్లే అనుమానించి పరీక్షలు చేయించుకుంటే, కొందరిలో వీర్యకణాలు అసలే లేవు. అంత ఆలస్యం జరగాల్సింది కాదు.

ప్రయోగాల్లో ఎలుకలకిచ్చే మోతాదు సాధారణంగా చాలా ఎక్కువ, నిజమే. కానీ ఎలుకకు వీర్యకణాలు బాగా తగ్గిపోయినా పిల్లలు పుడుతూనే ఉంటాయి, మగవాళ్లకు అంత వెసులుబాటు లేదు.

మీ పనిలో నేను ముందు అడిగేది 2-మెథాక్సీఇథనాల్, 2-ఇథాక్సీఇథనాల్ అనే సాల్వెంట్ల గురించి. ఎలుకల్లో ఇవి తయారీ దశలో ఉన్న వీర్యకణాలనే చంపేస్తాయి, పైగా పీల్చినప్పుడే కాదు, చర్మంలోంచి కూడా ఒంట్లోకి వెళ్తాయి. ఓడలకు రంగులు వేసే కార్మికుల్లోనూ వీటి ప్రభావం కనిపించింది. మీరు వాడే వాటిలో ఈ పేర్లున్నాయేమో సేఫ్టీ డేటా షీట్ (సరుకులో ఏ రసాయనాలున్నాయో, వాటి ప్రమాదాలేంటో రాసిన కాగితం) అడిగి చూడండి, అది చూపించమని అడిగే హక్కు మీకుంది. ఉంటే వాటి బదులు వేరేది వాడమని, కుదరకపోతే మీకు వేరే పని ఇమ్మని గట్టిగా అడగండి.

డ్యూటీ అయ్యాక చేతులకంటిన రంగును థిన్నర్ గుడ్డతో తుడుచుకునే అలవాటుంటే ఈరోజే మానేయండి, సబ్బూ నీళ్లూ చాలు. పల్చటి రబ్బరు గ్లోవ్స్‌లోంచి చాలా సాల్వెంట్లు దూరిపోతాయి, ఆ సాల్వెంట్‌కి తగినవే వేసుకోవాలి.

ఈ వారంలోనే వీర్య పరీక్ష చేయించుకోండి. దానికి ముందు కనీసం 2 రోజులు, 7 రోజులు మించకుండా కలయికకు దూరంగా ఉండాలి. వీర్యకణాలు మిల్లీలీటరుకు 1.6 కోట్ల కంటే తక్కువ వచ్చినా ఒక్క రిపోర్టుతో కంగారుపడొద్దు, మళ్లీ చేయించాలి. ఒక వీర్యకణం తయారవడానికి 70 రోజులకు పైనే పడుతుంది కాబట్టి, ఇప్పుడు జాగ్రత్తలు మొదలుపెడితే ఫలితం మూడు నెలల తర్వాతి రిపోర్టులోనే తెలుస్తుంది. ఏడాది దాటింది కదా, మీ భార్యకూ ఇప్పుడే పరీక్షలు చేయించండి. ఈలోగా వీర్యం పెంచే పొడులంటూ ఎవరేం అమ్మినా కొనకండి.