పెరట్లో ఉన్నది బ్రామ్లీ అయితే కొట్టేయకండి

ఇంగ్లండ్‌లో కొత్తగా కొన్న ఇంటి పెరట్లో పాత బ్రామ్లీ ఆపిల్ చెట్టు ఉందనీ, కాయ నోట పెట్టలేకపోతున్నామనీ, కాపూ అంతంతమాత్రమేననీ, తీసేయొచ్చా అనీ అడిగారు. దయచేసి ఆగండి. మా పెరట్లోనూ అదే చెట్టు. మేం వచ్చిన కొత్తలో నేనూ మీలాగే అనుకున్నాను.

ఇది వంటకాయ. పచ్చిగా కొరికితే పళ్లు జివ్వుమనాల్సిందే. చెక్కు తీసి, ముక్కలు కోసి, రెండు చెంచాల నీళ్లతో సన్నసెగ మీద మూతపెట్టి ఉంచండి. కాసేపటికి ముక్కన్నది మిగలదు, నురగలా విచ్చుకుపోతుంది. ఆమ్లం ఎక్కువ, చక్కెర తక్కువ కాబట్టే అలా కరుగుతుంది. తినే ఆపిల్ ఉడికితే చప్పబడుతుంది, దీని రుచి మాత్రం వేడికి తగ్గదు. చక్కెర మీ ఇష్టం.

ఇక కాపు. బ్రామ్లీ ట్రిప్లాయిడ్, అంటే క్రోమోజోముల సెట్లు రెండు కాక మూడున్న చెట్టు. మామూలు ఆపిల్‌కు 34 క్రోమోజోములుంటే దీనికి 51. అందుకే దీని పుప్పొడి దాదాపు పనికిరాదు, దగ్గర్లో అదే సమయానికి పూసే వేరే రకం ఉండాలి. వెనకింటివాళ్లు క్రాబ్ ఆపిల్ (చిన్న కాయల ఆపిల్ రకం) చెట్టు తీసేసిన తర్వాతి వసంతంలో మా చెట్టు విరగబూసింది, కాయలు మాత్రం బుట్టెడు కూడా రాలేదు. అప్పుడుగానీ నాకిది అర్థం కాలేదు. కొత్తగా నాటేట్లయితే బ్రామ్లీకి తోడుగా వేర్వేరు రకాలవి రెండు నాటండి, ఎందుకంటే బ్రామ్లీ తిరిగి వాటికి పుప్పొడి ఇవ్వలేదు, అవి ఒకదానికొకటి ఇచ్చుకోవాలి. ఇంకో మాట, చలికాలంలో కొమ్మల కొసలన్నీ కత్తిరించేయకండి. చాలా పూమొగ్గలు కొసల్లోనే ఉంటాయి. మొదటి ఏడాది నేను చేసిన తప్పు అదే.

ఈ రకం 1809లో నాటింగ్‌హామ్‌షర్‌లోని సౌత్‌వెల్‌లో మేరీ ఆన్ బ్రెయిల్స్‌ఫర్డ్ అనే అమ్మాయి నాటిన గింజల నుంచి పుట్టింది. ఆ చెట్టున్న ఇల్లు తర్వాత మాథ్యూ బ్రామ్లీ కొన్నాడు. 1856లో మొక్కల నర్సరీకి చెందిన హెన్రీ మెర్రీవెదర్ అంటు కొమ్మలు అడిగితే, బ్రామ్లీ తన పేరు పెట్టాలన్న షరతు మీద ఇచ్చాడు. నాటిన పిల్ల పేరు కాయకు దక్కలేదు, అది నాకిప్పటికీ బాధే. బ్రామ్లీలన్నీ అంటు మీద అంటుగా ఆ ఒక్క చెట్టు నుంచి వచ్చినవే. మీ పెరట్లోదీ దాని కొమ్మే.

అక్టోబరులో కాయలు దించేటప్పుడు దెబ్బ తగలనివి ఏరి, ఒక్కోదాన్ని కాగితంలో చుట్టి, చల్లని చీకటి గదిలో ఒకదానికొకటి తగలకుండా పేర్చండి. మార్చి దాకా ఉంటాయి. పులుపు కూడా మెల్లగా తగ్గుతుంది. ఫిబ్రవరిలో ఒకటి కొరికి చూడండి.